మార్కెట్ చెత్తకు జోడీ ఏది? భారీ కంపోస్టు కుప్పకు పాళ్లు కలిపే పద్ధతి

రోజుకు పది టన్నుల చెత్త దిగే యార్డులో కుప్ప కంపు కొట్టిందంటే అందరి అనుమానమూ ముందు కర్బన నత్రజని నిష్పత్తి (సరుకులో నత్రజనికి ఎన్ని రెట్లు కర్బనం ఉందన్న లెక్క) మీదకే పోతుంది. "నత్రజని ఎక్కువైంది, గడ్డి కొట్టండి" అంటారు. గడ్డి వేస్తారు, కంపు తగ్గుతుంది, లెక్క కుదిరిందనుకుంటారు. చాలాసార్లు అక్కడ గడ్డి చేసిన మేలు నత్రజనిని సర్దడం కాదు. అది నీళ్లు పీల్చుకుని గాలికి దారి ఇచ్చింది. అందుకే పాళ్లు లెక్కగట్టేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత గాలి, ఆ తర్వాతే నిష్పత్తి చూడాలి. ఈ వరుస తిరగబడితే కాగితం మీద లెక్క ఎంత బాగున్నా యార్డులో ఈగలే మిగులుతాయి.

పెరట్లో వేసే కుప్పకు ఇంత లెక్క అక్కర్లేదు. అది చిన్నది, నాలుగు పక్కల నుంచీ గాలి ఆడుతుంది. రెండు మీటర్ల ఎత్తు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న పొడవాటి కుప్ప సంగతి వేరు. దాని బరువుకు అదే అడుగున అణిగిపోతుంది. మధ్యలో ఉన్న సూక్ష్మజీవులకు ఆక్సిజన్ అందాలంటే కుప్పలోనే ఖాళీలు ఉండాలి. తిరగేస్తే గాలి లోపలికి వెళ్తుంది కదా అంటారు. వెళ్తుంది గానీ, వేడి మీదున్న కుప్ప ఆ ఆక్సిజన్‌ను కొన్ని గంటల్లోనే వాడేసుకుంటుంది. వారానికి ఒకటి రెండుసార్లు తిరగేసే యార్డులో మిగతా రోజులన్నీ కుప్ప తనంతట తానే ఊపిరి తీసుకోవాలి. ఆ ఏర్పాటు చేయాల్సింది సరుకు కలిపే రోజే.

ఇక్కడ ఉదాహరణకు మన ఊళ్లలో సులభంగా దొరికే మూడు సరుకులు తీసుకుంటున్నాను: కూరగాయల మార్కెట్ చెత్త, వరిగడ్డి, బ్రాయిలర్ (మాంసం కోళ్ల) షెడ్ల నుంచి వచ్చే లిట్టర్, అంటే కింద పరిచిన పొట్టూ కోళ్ల పెంటా కలిసిన సరుకు. ప్రెస్‌మడ్ (చక్కెర మిల్లులో చెరకు రసం వడగట్టగా మిగిలే మడ్డి), కొబ్బరి పొట్టు, చేపల వ్యర్థాల సంగతి చివర్లో చెబుతాను.

మొదటి పని: మీ సరుకు మీకు తెలియాలి

కింది అంకెలు మొదటి అంచనాకు పనికొస్తాయి. మీ యార్డుకు వచ్చే సరుకును పరీక్షించాక మాత్రం వీటిని పక్కన పెట్టేయండి.

| సరుకు | తేమ శాతం | కర్బన నత్రజని నిష్పత్తి |
|---|---|---|
| కూరగాయల మార్కెట్ చెత్త | 80–90 | 12–20 |
| వరిగడ్డి | 10–15 | 50–80 |
| బ్రాయిలర్ లిట్టర్ | 25–35 | 12–15 |
| లేయర్ (గుడ్లు పెట్టే) కోళ్ల పెంట | 60–75 | 6–10 |
| పశువుల పేడ | 75–82 | 18–25 |
| ప్రెస్‌మడ్ | 65–75 | 15–25 |
| మిల్లు నుంచి వచ్చిన చెరకు పిప్పి | సుమారు 50 | 100–150 |
| కొబ్బరి పొట్టు | ఎండకూ వానకూ మారుతుంది | 100 పైనే |
| చేప, రొయ్య వ్యర్థాలు | 70–80 | 3–5 |

ఈ పట్టికలో ఊక లేదు. కావాలనే వదిలేశాను. ఊకలో కర్బనం కాగితం మీద బాగానే కనిపిస్తుంది. కానీ సిలికా, లిగ్నిన్ అనే త్వరగా కుళ్లని పదార్థాలు పట్టి ఉండటం వల్ల మూడు నెలల్లో అది కుళ్లేది చాలా తక్కువ. వేసిన ఊక దాదాపు అలాగే జల్లెడ దగ్గరికి వస్తుంది. కుప్పలో ఖాళీలు నిలబెట్టడానికి వేసుకోండి, కర్బనం పద్దులో మాత్రం రాయకండి. మన దగ్గర బ్రాయిలర్ షెడ్లలో పరిచేది చాలావరకు ఊకే. కాబట్టి లిట్టర్ నిష్పత్తి ల్యాబులో 14 అని వచ్చినా, సూక్ష్మజీవులకు అందే లెక్కలో అది ఇంకా తక్కువే. లిట్టర్ కలిపిన మూడో రోజున అమ్మోనియా ఘాటు కళ్లు మండించడానికి ఒక కారణం ఇదే. కొబ్బరి పొట్టు, రంపపు పొట్టు విషయంలోనూ ఇంతే: కర్బనం ఉంటుంది, త్వరగా చేతికి రాదు.

పరీక్షకు నమూనా తీసేటప్పుడు లారీ పైభాగం నుంచి గుప్పెడు తీసి పంపితే ప్రయోజనం లేదు. కుప్పలో పది చోట్ల, పైనా లోపలా తీసి, పరదా మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేయండి. మిగిలింది మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేయండి. కిలో మిగిలేదాకా ఇలా చేసి ఆ కిలో పంపండి.

తేమ మీరే చూసుకోవచ్చు. 100 గ్రాముల పచ్చి నమూనాను 105 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచి, తెల్లారి తూస్తే తగ్గిన గ్రాములే తేమ శాతం. మైక్రోవేవ్ ఉంటే రెండేసి నిమిషాలు వేడి చేసి తూస్తూ, బరువు తగ్గడం ఆగాక లెక్క రాసుకోండి. గడ్డి నమూనాను మాత్రం మైక్రోవేవ్‌లో పెట్టి పక్కకు వెళ్లకండి, అంటుకుంటుంది. నత్రజని, కర్బనం ల్యాబు పని. రిపోర్టు చేతికి రాగానే చూడాల్సింది ఒకటుంది: ఆ శాతం పొడి బరువు మీద ఇచ్చారా, పచ్చి బరువు మీదా? మార్కెట్ చెత్తలో నత్రజని పొడి బరువు మీద 2.5 శాతం ఉంటే, 85 శాతం తేమతో ఉన్న పచ్చి చెత్త మీద అది 0.375 శాతమే. ఈ రెండింటినీ కలగలిపేసి లెక్క వేయడం యార్డుల్లో రోజూ జరిగేదే.

రెండో పని: నీళ్ల లెక్క

మన ఉదాహరణలో సరుకులు ఇలా ఉన్నాయనుకుందాం. మార్కెట్ చెత్త: తేమ 85 శాతం, పొడి బరువు మీద కర్బనం 40, నత్రజని 2.5. వరిగడ్డి: తేమ 12, కర్బనం 40, నత్రజని 0.65. లిట్టర్: తేమ 30, కర్బనం 35, నత్రజని 2.5.

కలిపిన సరుకులో మనకు కావలసింది 55 నుంచి 60 శాతం తేమ, 25 నుంచి 30 మధ్య నిష్పత్తి.

ముందు చాలామంది చేసే లెక్క చూద్దాం, నిష్పత్తి ఒక్కటే పట్టుకుని. 10 టన్నుల మార్కెట్ చెత్తలో పొడి సరుకు (నీళ్లు తీసేస్తే మిగిలేది) 1.5 టన్నులు. అందులో కర్బనం 600 కిలోలు, నత్రజని 37.5 కిలోలు. టన్ను గడ్డిలో పొడి సరుకు 880 కిలోలు. అందులో కర్బనం 352 కిలోలు, నత్రజని సుమారు 5.7 కిలోలు. నిష్పత్తి 28 రావాలంటే 2.35 టన్నుల గడ్డి చాలు. లెక్క శుభ్రంగా ఉంది.

ఇప్పుడు అదే కుప్పలో నీళ్లు చూడండి. చెత్తలో 8.5 టన్నులు, గడ్డిలో 0.28 టన్ను. మొత్తం బరువు 12.35 టన్నులైతే నీళ్లే 8.78 టన్నులు, అంటే 71 శాతం. నిష్పత్తి పాఠంలో ఉన్నట్టే ఉంది, కుప్ప మాత్రం రెండో రోజుకే అడుగున నీళ్లు కారుస్తూ, మురుగు కాలువ వాసన కొడుతూ ఉంటుంది. లెక్క తప్పలేదు, చూడాల్సిన లెక్క చూడలేదు.

ఇక నీళ్ల నుంచి మొదలుపెడదాం. తేమను 60 శాతానికి దించడానికి గడ్డి ఎంత కావాలి? సూత్రం తేలికే:

కావలసిన పొడి సరుకు (ఇక్కడ గడ్డి) = తడి సరుకు (ఇక్కడ చెత్త) బరువు × (తడి సరుకు తేమ − కావలసిన తేమ) ÷ (కావలసిన తేమ − పొడి సరుకు తేమ)

10 × (85 − 60) ÷ (60 − 12) = 5.2 టన్నులు. అంటే చెత్త బరువులో సగానికి పైగా గడ్డే. అంత గడ్డి వేస్తే నిష్పత్తి 36కు ఎగబాకుతుంది. కుళ్లుతుంది గానీ నెమ్మదిస్తుంది. లిట్టర్ ఇక్కడ పనికొస్తుంది. 1.5 టన్నుల లిట్టర్ కలిపితే, అది కూడా కాస్త పొడి సరుకే కాబట్టి గడ్డి 4.3 టన్నులకు తగ్గుతుంది. సరిచూద్దాం:

నీళ్లు: 8.5 + 0.52 + 0.45 = 9.47 టన్నులు. మొత్తం బరువు 15.8 టన్నులు. తేమ 60 శాతం.

కర్బనం: 600 + 1514 + 368 = 2482 కిలోలు. నత్రజని: 37.5 + 24.6 + 26.3 = 88.4 కిలోలు. నిష్పత్తి 28.

రెండూ కుదిరాయి. పాళ్లు: 10 టన్నుల మార్కెట్ చెత్త, 4.3 టన్నుల వరిగడ్డి, 1.5 టన్నుల లిట్టర్. ఇదే సూత్రాలు ఎక్సెల్ షీట్‌లో పెట్టుకుంటే రోజూ వచ్చిన చెత్త తేమ మార్చి చూసుకోవచ్చు.

రోజుకు నాలుగు టన్నులకు పైగా గడ్డి ఎక్కడి నుంచి తెస్తారన్నది అసలు ప్రశ్న. వరి కోతలు ఏడాదికి రెండు సీజన్లే. కోతల నాడు బేళ్లు కట్టించి నిల్వ చేసుకోని యార్డు ఆగస్టుకల్లా గడ్డి కోసం పాడి రైతుతో పోటీ పడాలి, ఆ పోటీలో రైతే గెలుస్తాడు, గెలవాలి కూడా. కాబట్టి గడ్డి ఖర్చు తగ్గించే దారి చెత్తలోనే వెతకాలి. ఏటవాలు ప్లాట్‌ఫాం మీద క్యాబేజీ ఆకులు, కాలీఫ్లవర్ మట్టలు ఒక పూట వడలనిస్తే, కొంత నీరు కారిపోయి కొంత ఆవిరైపోతుంది. తేమ 85 నుంచి 80కి దిగితే చెత్త బరువే 10 టన్నుల నుంచి 7.5కు పడిపోతుంది. పొడి సరుకు అదే 1.5 టన్నులు. దానికి కావలసిన గడ్డి, పై సూత్రం ప్రకారమే, 5.2 నుంచి 3.1 టన్నులకు దిగుతుంది. ఒక పూట ఓపిక పడితే రెండు టన్నుల గడ్డి మిగిలినట్టే. టమాటా, దోస, పుచ్చ లాంటివి మాత్రం వడలవు, చితికి కారతాయి. వాటిని విడిగా తీసుకోగలిగితే బయోగ్యాస్‌కు పంపడమే మేలు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్లో రోజుకు సుమారు 10 టన్నుల చెత్తను అలా గ్యాస్‌కు వాడి, దాని నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు తీస్తున్నారని 2021 జనవరిలో ప్రధాని తన రేడియో ప్రసంగంలో చెప్పారు. అంత నీళ్ల సరుకుకు అదే సరైన దారి. గ్యాస్ పోగా మిగిలిన మడ్డిని తర్వాత గడ్డితో కలిపి కంపోస్టు చేసుకోవచ్చు.

మూడో పని: టన్నులను బకెట్లలోకి మార్చడం

లోడర్ ఆపరేటర్‌కు టన్నులు చెబితే ప్రయోజనం లేదు, అతని చేతిలో ఉన్న కొలత బకెట్. 20 లీటర్ల పెయింటు డబ్బా ఒకటి, తూకం ఒకటి చాలు. డబ్బాను మూడో వంతు నింపి, జానెడు ఎత్తు నుంచి పది సార్లు నేల మీద దబ్బుమని దించండి. మరో మూడో వంతు వేసి మళ్లీ పది సార్లు, నిండుగా వేసి మళ్లీ పది సార్లు. అంచు దాకా నింపి తూయండి. డబ్బా బరువు తీసేసి, వచ్చిన కిలోలను 50తో గుణిస్తే ఘనపు మీటరుకు ఎన్ని కిలోలో తెలుస్తుంది.

తరిగిన మార్కెట్ చెత్త 550, చాఫ్ కట్టర్‌లో (గడ్డి తరిగే యంత్రంలో) వేసిన గడ్డి 90, లిట్టర్ 450 వచ్చాయనుకోండి. బకెట్ ఒక ఘనపు మీటరుదైతే చెత్త 18 బకెట్లు, గడ్డి 48, లిట్టర్ 3 బకెట్లకు కాస్త పైన. సుమారుగా 6కు 16కు 1. గోడ మీద రాసి పెట్టాల్సింది ఈ మూడు అంకెలే. కొత్తగా చూసేవాళ్లు గడ్డి కొండలా ఉందని సగం తగ్గించేస్తారు. ఆ కొండ బరువులో నాలుగో వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే.

వాన పడ్డాక చెత్త సాంద్రత మారుతుంది, కాబట్టి బకెట్ల లెక్క వారానికోసారైనా సరిచూసుకోండి.

నాలుగో పని: గాలి ఉందో లేదో డబ్బాతోనే చూడటం

చాలా యార్డులు వదిలేసే పరీక్ష ఇది. చేయడానికి పది నిమిషాలు పట్టదు.

కలిపిన సరుకును అదే డబ్బాలో అదే పద్ధతిలో, మూడు విడతల్లో దించుతూ నింపి తూయండి. తర్వాత అంచు దాకా నీళ్లు పోయండి, ఎన్ని లీటర్లు పట్టాయో కొలుస్తూ. 20 లీటర్ల డబ్బాలో 10 లీటర్ల నీళ్లు పడితే ఖాళీ 50 శాతం. 45 నుంచి 60 మధ్య ఉంటే కుప్ప కట్టండి. 35 కన్నా తగ్గితే ఆ సరుకును కుప్పగా కట్టొద్దు, ముందు బరకగా ఉన్నదేదైనా కలపండి. సాంద్రత ఘనపు మీటరుకు 650 కిలోలు దాటినా అదే మాట. ఖాళీ 70 దాటితే ఇబ్బంది ఇంకో రకం: వేడి నిలవదు, కుప్ప ఎండిపోతుంది.

గడ్డి మీద పూర్తిగా ఆధారపడిన మిశ్రమం ఈ పరీక్షలో మొదటి రోజు చక్కగా పాసవుతుంది. రెండో వారానికి తడిసి మెత్తబడి చాపలా అణిగిపోతుంది. అందుకని గడ్డిలో కొంత భాగం గట్టి ముక్కలతో మార్చండి. నిజామాబాద్, కరీంనగర్ వైపు మొక్కజొన్న బెండ్లు, వరంగల్, ఆదిలాబాద్‌లలో తరిగిన పత్తి కట్టె, కోనసీమలో కొబ్బరి డొక్కల ముక్కలు. నాలుగైదు సెంటీమీటర్ల ముక్కలు చాలు. పొడి చేయకండి, పొడి ఖాళీలను పూడ్చేస్తుంది. ఈ ముక్కలు ఒక విడతలో పూర్తిగా కుళ్లవు. జల్లెడ మీద మిగిలినవి మళ్లీ కొత్త కుప్పలోకి వెళ్తాయి, వెళ్తూ పాత కుప్పలోని సూక్ష్మజీవులను వెంట తీసుకెళ్తాయి. మొత్తం ఘనపరిమాణంలో పదో వంతు ఇలా తిరిగొచ్చిన సరుకు ఉంటే బయట కొనే డీకంపోజర్ (కుళ్లించే సూక్ష్మజీవుల మందు) సీసాల అవసరం దాదాపు ఉండదు. నీళ్లూ గాలీ కుదరని కుప్పను ఏ సీసా కాపాడలేదు.

ఐదో పని: యార్డులో కలపడం

క్రమం ఇదీ. కాంక్రీటు నేల మీద ముందు గడ్డి, గట్టి ముక్కలు అడుగు మందాన పరచండి. చెత్త లారీ దాని మీదే దించాలి, నేల మీద కాదు. కారే మొదటి నీటిని గడ్డి పట్టేసుకుంటుంది. దాని మీద లిట్టర్ చల్లి, మిగిలిన గడ్డి వేసి, వెంటనే కలపండి.

ఇందోర్‌లో బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డ్ 1924 నుంచి 1931 దాకా అభివృద్ధి చేసిన పద్ధతిలో సరుకును పొరలు పొరలుగా పేర్చేవారు. పొరలు వేస్తే చాలనుకోవడం అక్కడి నుంచే మన దాకా వచ్చిందేమో గానీ, ఆ పద్ధతిలోనూ తర్వాత తిరగేయడం ఉంది. రెండు మీటర్ల కుప్పలో పొరలు పొరలుగానే ఉండిపోతే చెత్త పొర కుళ్లిన జిగురవుతుంది, గడ్డి పొర పసుపు పచ్చగా అలాగే ఉంటుంది. కలవాలి. లోడర్ బకెట్‌ను కుప్ప అడుగు దాకా దూర్చి, పైకెత్తి, ఒక్కసారిగా కుమ్మరించకుండా ఊపుతూ కిందికి జాలువార్చాలి. ఇలా మూడుసార్లు పక్కకు జరుపుతూ చేస్తే సరుకు బాగా కలుస్తుంది. గుప్పెడు ఎక్కడ తీసినా గడ్డి, ఆకు, లిట్టర్ మూడూ కనపడాలి. ఉత్త ఆకుల ముద్ద చేతికి వస్తే ఇంకోసారి తిప్పండి. పశువుల దాణా కలిపే మిక్సర్ బండి ఉంటే ఈ పని ఇంకా బాగా చేస్తుంది.

ఈ దశలోనే గుప్పెడు సరుకు గట్టిగా పిండి చూడండి. వేళ్ల సందుల్లో రెండు మూడు చుక్కలు కనిపిస్తే తేమ 60 దగ్గర ఉన్నట్టు. ధారగా కారితే ఎక్కువ. చెయ్యి తెరవగానే ముద్ద విడిపోయి పొడిపొడిగా రాలితే తక్కువ. నెల రోజులు ఓవెన్ అంకెతో పోల్చి చూసుకుంటే చెయ్యి అలవాటు పడుతుంది.

కుప్ప వెడల్పు 4 మీటర్లు, ఎత్తు 1.8 మీటర్లు ఉంటే మన 15.8 టన్నుల మిశ్రమానికి పది మీటర్ల పైచిలుకు పొడవు సరిపోతుంది. మార్కెట్ చెత్తను వచ్చిన రోజే కలిపి, పైన జానెడు మందం పాత కంపోస్టు కప్పండి. ఈగలు, వాసన రెండూ సగానికి పైగా ఆగిపోతాయి. నేల విషయంలో 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు (2026లో వీటి స్థానంలో కొత్తవి వచ్చాయి) నీరు ఇంకని అడుగు, 1 నుంచి 2 శాతం వాలు, చుట్టూ కాలువలు ఉండాలన్నాయి. కట్టేటప్పుడే ఆ వాలు ఇవ్వకపోతే తర్వాత సరిచేయడం చాలా ఖర్చు.

కాలువలో చేరిన నీటిని కొత్త కుప్పలు తడపడానికి వాడుకోవచ్చు. వేడి దశ దాటి చల్లబడుతున్న కుప్ప మీద మాత్రం పోయకండి, చచ్చిన రోగకారక క్రిములను మళ్లీ తెచ్చి పెట్టినట్టవుతుంది.

మొదటి పది రోజులు కుప్ప ఏం చెబుతుందో వినాలి

మీటరు పొడవు కడ్డీ ఉన్న థర్మామీటర్ ఒకటి కొనండి. రోజూ ఒకే వేళకు, ఒకే లోతులో, మూడు నాలుగు చోట్ల చూసి రాయండి. సరిగ్గా కలిసిన కుప్ప రెండు మూడు రోజుల్లో 55 డిగ్రీలు దాటుతుంది. 65 దాటితే తిరగేయండి, 70 దాటనిస్తే పనిచేసే సూక్ష్మజీవులే చచ్చిపోతాయి. రోగకారక క్రిముల సంగతికి అమెరికా పర్యావరణ సంస్థ మురుగు మడ్డి కంపోస్టుకు పెట్టిన కొలత మంచి ఆధారం: బయట కుప్పలో 55 డిగ్రీలు లేదా అంతకు మించి 15 రోజులు, ఆ రోజుల్లో ఐదుసార్లు తిరగేయడం.

వేడి ఎక్కకపోతే వెంటనే నిష్పత్తిని అనుమానించకండి. ముందు లోపలి సరుకు చేతిలోకి తీసుకోండి. తడిగా, నల్లగా, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంటే గాలి లేదు. గట్టి ముక్కలు కలిపి తిరగేయండి. పుల్లటి వాసన, వెనిగర్ లాగా, అయితే పీహెచ్ పడిపోయింది, అంటే ఆమ్లం పెరిగింది. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల సీజన్లో తొక్కలతో వేసిన కుప్పల్లో ఇది బాగా కనిపిస్తుంది. పాత కంపోస్టు వంతు పెంచి గాలి బాగా ఆడనిస్తే రెండు మూడు రోజుల్లో తేరుకుంటుంది. పొడిగా ఉండి దుమ్ము లేస్తుంటే నీళ్లు తక్కువ. ఈ మూడూ కాదు, తేమ బాగుంది, వాసన లేదు, గడ్డి గడ్డిలాగే ఉంది, వేడి 40 దగ్గర ఆగింది అంటే అప్పుడు నత్రజని తక్కువ. లిట్టరో, పేడో కలపండి.

అమ్మోనియా ఘాటు వస్తే నత్రజని గాలిలో కలిసిపోతోందన్నమాట, అంటే మీరు డబ్బు పెట్టి తెచ్చిన లిట్టర్ సత్తువ ఎగిరిపోతోంది. గడ్డి పెంచండి. బాయిలర్ బూడిద, సున్నం చల్లితే వాసన పోతుందని కొందరు అంటారు. లిట్టర్ ఉన్న కుప్పలో అది సరిగ్గా ఎదురు పని చేస్తుంది, పీహెచ్ పెరిగి అమ్మోనియా ఇంకా ఎక్కువ పోతుంది.

ఎండాకాలం రెంటచింతల లాంటి చోట్ల కుప్ప పై అడుగు మందం వారంలో పెళుసెక్కిపోతుంది. పైపు పట్టుకుని పైన చల్లితే నీళ్లు పక్కలకు జారి కాలువలోకి పోతాయి. తిరగేస్తూ, జాలువారుతున్న సరుకు మీద కొట్టాలి. ఎంత? 45 శాతానికి పడిపోయిన సరుకును 55కు తేవాలంటే టన్నుకు సుమారు 220 లీటర్లు. అంచనా వేసి ఒక డ్రమ్ము పోస్తే చాలదని ఈ అంకె చెబుతుంది. వానాకాలం సంగతి దీనికి తలకిందులు: మిశ్రమాన్ని 52 నుంచి 55 దగ్గరే మొదలుపెట్టి, పైన రేకుల షెడ్డో, టార్పాలినో ఉంచండి. మే నెలలో పనిచేసిన పాళ్లు జూలైలో పనిచేయవు.

ఇతర సరుకులు, వాటి తీరు

ప్రెస్‌మడ్ చూడటానికి తేలికైన సరుకు, నిష్పత్తి దానంతటదే కుదిరి ఉంటుంది. కానీ సన్నటి రేణువులు, 70 శాతం తేమ, మైనం. ఒంటరిగా కుప్ప కడితే గాలి ఆడదు. మిల్లు నుంచే దొరికే పిప్పి దానికి సహజమైన జోడీ, పిప్పి ఇచ్చే బరక వల్ల. పిప్పిని మిల్లులు బాయిలర్లకే వాడుకుంటే చెరకు ఆకు తరిగి వేసుకోండి. కార్బనేషన్ పద్ధతి (రసాన్ని సున్నం, కార్బన్ డయాక్సైడ్‌తో శుద్ధి చేసే) మిల్లు మడ్డి అయితే సున్నం ఎక్కువ, దాన్ని లిట్టర్‌తో కలపకండి.

అనపర్తి, మండపేట, తణుకు ప్రాంతాల లేయర్ షెడ్ల పెంట బ్రాయిలర్ లిట్టర్ లాంటిది కాదు. ఊక కలవదు, తడిగా ఉంటుంది, నిష్పత్తి పది లోపే. దానికి పక్కనే కోనసీమలో గుట్టలుగా పడి ఉండే కొబ్బరి పొట్టు జోడీగా బాగా కుదురుతుంది: పొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు పట్టుకుంటుంది. అయితే పొట్టు సన్నం కాబట్టి గట్టి ముక్కలు తప్పనిసరి. తీరప్రాంతపు పొట్టులో ఉప్పు ఉంటుంది, పెంటలోనూ ఉప్పు ఉంటుంది. రెండూ కలిస్తే లవణాల కొలత గీత దాటే ప్రమాదముంది. కొనేముందే పొట్టును ఒక వంతు, నీళ్లు ఐదు వంతులు కలిపి కండక్టివిటీ మీటర్‌తో (నీటిలో ఉప్పు ఎంతో చూపే పరికరంతో) చూడండి. వానల్లో తడిసి కడుక్కుపోయిన పాత గుట్ట కొత్త పొట్టు కన్నా మేలు.

భీమవరం వైపు రొయ్య తలలు, చేప వ్యర్థాలు తీసుకుంటే గడ్డితో పని జరగదు, నిష్పత్తి మూడు నాలుగే. పత్తి కట్టె, రంపపు పొట్టు కలిపి, కుప్ప నడుమ పెట్టి, చుట్టూ అడుగు మందం పాత కంపోస్టు కప్పాలి. మొదటి రెండు వారాలు తిరగేయొద్దు. తిరగేస్తే ఊరంతా వాసనే, అధికారులకు ఫిర్యాదులే.

అమ్మే ముందు

కర్బన నత్రజని నిష్పత్తి 28 దగ్గర మొదలైన మిశ్రమం కుదురుగా కుళ్లితే 15 నుంచి 18కి దిగుతుంది. 40 దగ్గర మొదలుపెడితే మూడు నెలలకు 20 కిందికి రావడం కష్టం. ఈ 20 ఎందుకు ముఖ్యమంటే, ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985 కింద సిటీ కంపోస్టు నిష్పత్తి 20 లోపు ఉండాలి. తేమ 15 నుంచి 25 శాతం, కండక్టివిటీ (లవణాల కొలత) ఒక్కో మీటరు పొడవుకు 4 డెసీసీమెన్స్ మించకూడదు, 90 శాతం సరుకు 4 మిల్లీమీటర్ల జల్లెడ దాటాలి. బస్తాల మీద అచ్చు వేయించే ముందు తాజా సవరణలు చూసుకోండి. భారలోహాలకు కూడా పరిమితులున్నాయి, అవి దాటకుండా ఉండాలంటే పాళ్లు కలిపే చోటే బ్యాటరీలు, రంగు కాగితాలు, ట్యూబ్‌లైట్ ముక్కలు ఏరేయాలి. కంపోస్టు అయ్యాక ఏరడం ఎవరివల్లా కాదు. పూల మార్కెట్ చెత్త తీసుకుంటే దారాలు, తీగలు ముందే తీయించండి. అవి తిరగేసే యంత్రం షాఫ్టుకు చుట్టుకుంటే ఒక పూట పని ఆగినట్టే.

ప్రతి కుప్పకూ నంబరు వేసి, ఏ సరుకు ఎన్ని బకెట్లు, తేమ ఎంత, డబ్బా పరీక్షలో ఖాళీ ఎంత, ఏ రోజు ఎంత వేడి, ఎప్పుడు తిరగేశారు అన్నవి ఒక కాగితం మీద రాయించండి. కుప్ప ముందు కర్రకు ప్లాస్టిక్ కవరులో తగిలిస్తే ఆపరేటర్ మారినా సమాచారం మారదు. ఏడాది కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే మీ చెత్తకు, మీ వాతావరణానికి సరిపడే పాళ్లు అందులోనే దొరుకుతాయి. పై పట్టికలో అంకెలు అప్పటికి అవసరం ఉండవు.